పిల్లకు చదవడం వచ్చిందా?
ఎం.ఇడి. పూర్తిచేసిన ఒక టీచరు దాతలకు చెప్పుకుంటున్న లెక్క



ఈ ఏడాది సంచికకు ఏదైనా రాయమని సెక్రటరీ గారు అడిగినప్పుడు, కృతజ్ఞతలు చెబుతూ ఒక పేజీ రాసి ఇద్దామనుకున్నాను. రెండేళ్ల కిందట నేను ఉద్యోగం మానుకుని ఎం.ఇడి.లో చేరేటప్పుడు ఫీజుకు తక్కువ పడిన సొమ్మును సొసైటీ నాకు ఖర్జె హసనాగా ఇచ్చింది. వడ్డీ లేదు, తొందరపెట్టడం లేదు. అల్ హమ్దులిల్లాహ్, కోర్సు పూర్తయింది, పట్టా చేతికి వచ్చింది. తీరా రాయడానికి కూర్చుంటే ఒట్టి కృతజ్ఞతలు చాలవనిపించింది. డబ్బు ఇచ్చినవారికి లెక్క చెప్పాలి. మీ సొమ్ముతో నేను ఏం నేర్చుకున్నాను? అది మన పిల్లలకు ఎలా పనికొస్తుంది? మీరిచ్చే దానం ఇంకా బాగా ఫలించాలంటే ఏం చేయవచ్చు? ఈ మూడు ప్రశ్నలకు నాకు చేతనైన జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

అందమైన దస్తూరి

గుంటూరు జిల్లాలోని ఒక పట్టణంలో ఒక ప్రైవేటు ప్రాథమికోన్నత పాఠశాలలో నేను పదకొండేళ్లు పనిచేశాను. మా స్కూలుకు వచ్చేది ఎక్కువగా మన పిల్లలే. తండ్రులు మెకానిక్కులు, పండ్ల బండ్లవాళ్లు, ఆటో డ్రైవర్లు, మటన్ కొట్లవాళ్లు. తల్లులు ఇంటిదగ్గరే మిషన్ కుడతారు.

ఒక సంవత్సరం నా నాలుగో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పేరు రాయను. ఆ పిల్ల నోట్‌బుక్కు తెరిస్తే ముత్యాలు పేర్చినట్టు ఉండేది. బోర్డు మీద నేను రాసినది రాసినట్టు దింపేది. కొట్టివేత ఉండదు, వంకర ఉండదు. ప్రతి పేజీ కింద నేను ఎర్ర సిరాతో 'వెరీ గుడ్' రాసేదాన్ని. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ పుస్తకాన్ని తీసి మిగతా తల్లులకు చూపించేదాన్ని. అల్లరి చేయదు, ఎదురు చెప్పదు. టీచరుకు ఇంకేం కావాలి?

ఆ పిల్ల ఐదు పాసయింది, ఆరు పాసయింది. ఏడులో బడి మానేసింది. విచారించడానికి ఇంటికి వెళితే వాళ్లమ్మ, "పఢాయి నక్కో బోల్‌రీ మేడం. మిషన్ నేర్చుకుంటానంటోంది" అంది. ఇంట్లో ఇబ్బంది అయి ఉంటుంది, పెళ్లి ఆలోచన అయి ఉంటుంది అనుకుని వచ్చేశాను.

ఏడాదిన్నర తరువాత, రంజాన్ నెలలో, పండగ బట్టలు కుట్టించడానికి ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లాను. చేయి తిరిగిన పనిమంతురాలైంది. మిషన్ పక్కన మన సొసైటీ వేసిన ఫిత్రా కరపత్రం ఉంది. నా కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను. "ఈద్ నమాజ్ ఎన్నింటికని వేశారో చూసి చెప్పమ్మా" అన్నాను. కాగితం చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. నవ్వి, "భాయీ ఆనే దో టీచర్, వాడు చదువుతాడు" అంది. వాడు మూడో తరగతి.

అప్పుడు గమనించాను. కుట్టడానికి వచ్చిన ప్రతి జత మీదా ఒక చీటీ గుచ్చి ఉంది. చీటీ మీద కొలతల అంకెలున్నాయి, చిన్న గుడ్డముక్క ఉంది. పేరు మాత్రం ఏ చీటీ మీదా లేదు. గుడ్డముక్కను బట్టే ఎవరి బట్టలో గుర్తుపెట్టుకుంటోంది.

నా తరగతిలో ఆ పిల్ల అక్షరాలు రాయలేదు, గీసింది. బొమ్మ చూసి బొమ్మ వేసినట్టు బోర్డు చూసి గీసింది. ఏడాది పొడుగునా రోజూ ఆ పుస్తకం నా చేతిలోకి వచ్చింది. ఒక్కనాడు కూడా "ఇది చదివి వినిపించు" అని నేను అడగలేదు.

ఆ ఈద్ నమాజ్‌లో నా దుఆ అంతా దాని గురించే. నాకు బి.ఇడి. ఉంది, పదకొండేళ్ల అనుభవం ఉంది, మంచి టీచరని పేరుంది. అయినా నా కళ్లెదుట కూర్చున్న పిల్లకు చదవడం రాదన్న సంగతి నాకు తెలియలేదు. ఎందుకు తెలియలేదో తెలుసుకోవాలనే ఎం.ఇడి.లో చేరాను.

ఎం.ఇడి. అంటే ఏమిటి?

చాలామంది పెద్దలు నన్ను, "బి.ఇడి. ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" అని అడిగారు. బి.ఇడి. పాఠం ఎలా చెప్పాలో నేర్పుతుంది. చెప్పిన పాఠం ఒకరికి ఎందుకు అందుతుందో, ఇంకొకరికి ఎందుకు అందదో పరిశీలించడం ఎం.ఇడి. నేర్పుతుంది. టీచర్లను తయారుచేసే కళాశాలల్లో పాఠం చెప్పడానికి కావలసిన అర్హత కూడా ఇదే.

ఒకప్పుడు ఇది ఏడాది కోర్సు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో తెచ్చిన నిబంధనల ప్రకారం 2015 నుంచి రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు అయింది. విద్యా తత్వశాస్త్రం, మనోవిజ్ఞానం, సామాజిక శాస్త్రం, పాఠ్య ప్రణాళిక, పరిశోధన పద్ధతులు, గణాంకశాస్త్రం చదవాలి. ఒక ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలి. చివర ఒక పరిశోధన వ్యాసం రాసి, వైవాలో నిలబడి సమర్థించుకోవాలి.

ముప్పై ఏడేళ్ల వయసులో, నాకంటే పదిహేనేళ్లు చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. జీతం లేని రెండేళ్లు. ఇంట్లో ఖర్చులు తగ్గించుకున్నాం. ఇషా నమాజ్ తరువాత మా అత్తగారు పిల్లలను పడుకోబెడితే నేను పుస్తకం తీసేదాన్ని. అన్నిటికంటే భయపెట్టింది గణాంకశాస్త్రం. కానీ మొదటి కనువిప్పు అక్కడే కలిగింది.

సగటు అన్న మాట చూడండి. ఒక తరగతిలో ఆరుగురు పిల్లలున్నారు. అందరికీ తలా 50 మార్కులు వచ్చాయి. సగటు 50. ఇంకో తరగతిలోనూ ఆరుగురే. ముగ్గురికి 90 చొప్పున, ముగ్గురికి 10 చొప్పున వచ్చాయి. సగటు మళ్లీ 50. ప్రోగ్రెస్ రిపోర్టులో రెండు తరగతులూ ఒకలాగే కనిపిస్తాయి. రెండో తరగతిలో మునిగిపోతున్న ముగ్గురు ఆ లెక్కలో కనిపించరు. మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చూడటానికే ప్రామాణిక విచలనం అనే కొలత ఉంది. పదకొండేళ్లు నేను సగటులు కట్టి హెడ్‌మాస్టరు గారికి ఇచ్చాను. నా దగ్గర చదువుకున్న ఆ అమ్మాయి ఆ సగటు కిందే ఉండిపోయింది.

మొదటి పాఠం: ఇంటి మాట, బడి మాట

మన పిల్లల్లో చాలామంది ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. బడిలో తెలుగు. ఇప్పుడు చాలాచోట్ల ఇంగ్లీషు. దూదేకుల ఇళ్లలో మాత్రం ఇంటి మాట కూడా తెలుగే. కాబట్టి 'ముస్లిం పిల్లలు' అని అందరినీ ఒకే గాటన కట్టలేం. ఏ పిల్ల ఏ మాటలో ఆలోచిస్తోందో టీచరు విడిగా తెలుసుకోవాలి.

నా పరిశోధన వ్యాసానికి నేను తీసుకున్న అంశం ఇదే. నాలుగు, ఐదు తరగతుల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు మాటల రూపంలో ఇచ్చే లెక్కలు చేసేటప్పుడు ఎక్కడ ఆగిపోతున్నారు? ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చేయించి చూశాను.

ఒక లెక్క ఇది: రోజుకు 4 లడ్డూల చొప్పున 6 రోజులకు ఎన్ని లడ్డూలు? ఒక బాబు ఆరు, నాలుగు కూడి 10 అని రాశాడు. వాడి తండ్రికి పండ్ల బండి ఉంది. సాయంత్రాలు చిల్లర లెక్క చూసేది వాడే. అదే లెక్కను, "రోజ్ చార్ లడ్డూ, ఛే దిన్ కో కిత్తే?" అని అడిగాను. ఆలోచించకుండా "చౌబీస్" అన్నాడు. వాడికి గుణకారం వచ్చు. రానిది 'చొప్పున' అన్న మాట. నేను ఇన్నేళ్లూ ఇలాంటి పిల్లల కాగితాల మీద లెక్కల్లో వెనకబడ్డారని రాస్తూ వచ్చాను.

కెనడాలో జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త, కొత్త భాషలోకి వచ్చిన వలస పిల్లలను పరిశీలించి ఒక తేడా చూపించారు. ఆటస్థలంలో మాట్లాడుకునే భాష పిల్లలకు సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది. పాఠ్యపుస్తకంలోని భాషలో తోటివారిని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. పిల్లవాడు తెలుగులో గలగలా మాట్లాడుతున్నాడు కదా, పాఠం ఎందుకు రాదు అని మనం విసుక్కుంటాం. ఆ గలగలలో 'చొప్పున', 'మిగిలినవి', 'సమానంగా పంచగా' లాంటి మాటలు ఉండవు. వాటిని విడిగా, ఇంటి మాట సాయంతో నేర్పాలి. ఇంటి భాష చదువుకు అడ్డం అని నేను కూడా తల్లులతో అనేదాన్ని. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడండని సలహా ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనను. కొత్త మాటకు అర్థం చెప్పడానికి పిల్లకు ఉన్న ఆధారం ఆ ఇంటి మాటే.

నాది చిన్న పరిశీలన. రెండు బడుల్లోని కొద్దిమంది పిల్లలతో చేసినది. దాన్నుంచి రాష్ట్రానికంతటికీ వర్తించే లెక్క తీయకూడదని నా గైడ్ మేడం మొదటిరోజే చెప్పారు. కానీ ఆ పిల్లలకు ఏం కావాలో తెలుసుకోవడానికి అది చాలు.

రెండో పాఠం: ఒక్కొక్కరినీ చదివించి చూడటం

పిల్లకు చదవడం వచ్చో రాదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి 'అసర్' పేరుతో గ్రామీణ భారతంలో ఇంటింటికీ వెళ్లి చేస్తున్న సర్వేలో ఒక సులభమైన పద్ధతి ఉంది. ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని తేలిక పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఉంటాయి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదవమంటారు. ఎంతవరకు చదవగలిగితే ఆ పిల్ల స్థాయి అది. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు చాలు. రాయించరు. బయటికి చదివిస్తారు. చూసిరాత అక్కడ దాగదు.

అలా చూసిన తరువాత పిల్లలను తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి గుంపులు చేసి, రోజూ కొంతసేపు ఆ స్థాయి నుంచే నేర్పాలి. ఐదో తరగతి పిల్ల అక్షరాల దగ్గర ఉంటే అక్షరాలనుంచే మొదలు పెట్టాలి. అందులో సిగ్గు లేదు. రష్యాలో ముప్పై ఏడేళ్లకే క్షయతో కన్నుమూసిన వైగోట్‌స్కీ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త చెప్పింది కూడా ఇలాంటిదే. పిల్ల ఒంటరిగా చేయగలిగే పనికీ, తెలిసినవారి సాయంతో చేయగలిగే పనికీ మధ్య కొంత జాగా ఉంటుంది. నేర్చుకోవడం జరిగేది ఆ జాగాలోనే. అంతకంటే కింద చెబితే విసుగు, అంతకంటే పైన చెబితే భయం. నాలుగో తరగతి వాచకం ఆ అమ్మాయికి ఆ జాగాకు ఎంతో పైన ఉంది. అందుకే ఆమె చదవడం మాని గీయడం మొదలుపెట్టింది.

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం కూడా ఇదే. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలి, మామూలు లెక్కలు చేయగలగాలి. ఆ మెట్టు తప్పిన పిల్లకు పై తరగతుల్లో సైన్సు, సాంఘికం, లెక్కలు అన్నీ మూసిన తలుపులే.

మూడో పాఠం: తప్పు ఎవరిదని కాక కారణం ఏమిటని

కర్ట్ లెవిన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త యూదు కుటుంబంలో పుట్టారు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరారు. ఆయన 1946లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. దాని విషయం కార్యాచరణ పరిశోధన, అల్పసంఖ్యాకుల సమస్యలు. నేడు ప్రపంచమంతటా టీచర్లు వాడే 'యాక్షన్ రీసెర్చ్' పద్ధతికి మూలం అల్పసంఖ్యాకుల సమస్యల గురించిన ఆ ఆలోచనే అని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. పద్ధతి తేలికే. సమస్యను చూడు, కారణం వెతుకు, ఒక చిన్న మార్పు చేయి, ఫలితం గమనించు, మళ్లీ సరిదిద్దుకో.

కోర్సులో భాగంగా ఒక బడిలో దీన్ని చేశాను. మొదటి పీరియడ్‌లో కొందరు మగపిల్లలు కునికిపాట్లు పడుతున్నారు. రాత్రిళ్లు సెల్‌ఫోను చూస్తున్నారని క్లాసు టీచరు అభిప్రాయం. నా అభిప్రాయం కూడా అదే. పిల్లలను అడిగితే వేరే సంగతి తెలిసింది. వాళ్లు ఫజ్ర్ నమాజ్ తరువాత మస్జిద్‌లో మక్తబ్‌కు వెళ్లి, అటునుంచి అటే ఆదరాబాదరాగా బడికి వస్తున్నారు. కొందరు టిఫిన్ తినడమే లేదు. మౌల్వీ సాబ్‌ను కలిశాం. ఆయన ఎంతో మర్యాదగా విని, మక్తబ్‌ను పదిహేను నిమిషాలు ముందే ముగిస్తానన్నారు. మేము చదివించే పీరియడ్‌ను రెండోదిగా మార్చాం. కునికిపాట్లు పూర్తిగా పోలేదు గాని చాలావరకు తగ్గాయి. పిల్లలను తిట్టి ఉంటే మక్తబ్ మానేసేవారు, లేదా బడి మానేసేవారు. రెండూ మనకు నష్టమే.

మన చరిత్రలో ఒక లెక్క

ఇవన్నీ పాశ్చాత్యుల మాటలని కొందరు అనుకోవచ్చు. మన దగ్గర ఉన్నదే మనం మరిచిపోయాం.

దైవప్రవక్త ముహమ్మద్ (స)పై అవతరించిన మొట్టమొదటి పదం 'ఇఖ్రా', అంటే చదువు. అది అందరికీ తెలుసు. బద్ర్ యుద్ధ ఖైదీల సంగతి కూడా మన సభల్లో తరచూ చెప్పుకుంటాం. హిజ్రీ 2వ సంవత్సరం, క్రీ.శ. 624. విమోచన ధనం చెల్లించలేని, చదువు వచ్చిన ఖైదీలు మదీనాలోని పది మంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల. సీరత్ గ్రంథాల్లో ఈ సంఘటన ప్రసిద్ధం. ఎం.ఇడి. చదివాక దీన్ని మళ్లీ చదివితే, ఇదివరకు నా కంటపడని ఒక సంగతి కనిపించింది. అక్కడ షరతు ఇన్ని రోజులు పాఠం చెప్పాలని కాదు. ఇన్ని పలకలు పంచాలని కాదు. పిల్లలకు విద్య బాగా పట్టుబడితేనే ఆ ఖైదీకి విమోచన. చెప్పినవాడి శ్రమతో కాక, నేర్చుకున్న పిల్లతోనే లెక్క కట్టారు.

మన పెద్దలు చదువు చెప్పేవారికి కూడా దానం చేశారు. పదకొండో శతాబ్దంలో నిజాముల్ ముల్క్ బాగ్దాద్‌లో స్థాపించిన నిజామియా మదర్సాకు వక్ఫ్ ఆదాయం నుంచి ఉపాధ్యాయుల జీతాలు, విద్యార్థుల భృతి రెండూ అందేవి. ఇమామ్ గజాలీ అక్కడ అధ్యాపకులు. మన ప్రాంతంలోనే చూస్తే, కర్నూలు డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో అక్కడ ఉస్మానియా కళాశాలను స్థాపించారు. నేడు అదే కర్నూలులో ఆయన పేరుతో ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఆ కళాశాలలో చదువుకుని టీచర్లయినవారు రాయలసీమ అంతటా ఉన్నారు. టీచరు మీద పెట్టిన ఖర్చు ఒక్కరితో ఆగదు.

లెక్కలు చెబుతున్నది

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదిక గురించి మీకు చెప్పనక్కర్లేదు. అందులోని రెండు మూడు అంకెలను మాత్రం ఈ సందర్భంలో గుర్తుచేస్తాను. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ అక్షరాస్యత 64.8 శాతం, ముస్లింలలో 59.1 శాతం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖం చూడనైనా లేదు, లేదా మధ్యలో మానేశారు. బడి ఈడు పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవారు నూటికి ముగ్గురు, నలుగురికి మించరు.

ఈ చివరి అంకె ముఖ్యం. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది మామూలు బడుల్లోనే. కాబట్టి వాళ్లు చదువు అందుకోవాలన్నా, జారిపోవాలన్నా అది మామూలు బడి తరగతి గదిలోనే తేలుతుంది. మానేసిన పిల్లలందరినీ పేదరికమే మాన్పించిందని నేను అనుకునేదాన్ని. పేదరికం నిజమే. కానీ చదవడం రాని పిల్ల రోజూ ఆరు గంటలు అర్థంకాని పుస్తకం ముందు కూర్చోవాలి. ఎన్నాళ్లు కూర్చుంటుంది? ఒకరోజు తనే "నక్కో" అంటుంది. అప్పుడు పేదరికం ఆమెను తీసుకుపోతుంది.

దాతలకు నా మనవి

జూన్ నెలలో సొసైటీ నోట్‌బుక్కులు, బ్యాగులు, యూనిఫాం పంచుతుంది. ఫీజులు కడుతుంది. టెన్త్, ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చినవారికి బహుమతులిస్తుంది. ఇవన్నీ కొనసాగాలి. వీటికి తోడుగా నాలుగు పనులు చేయవచ్చని నా సలహా.

ఒకటి. మనం ఫీజు కట్టే ప్రతి ప్రాథమిక తరగతి పిల్లనూ ఏడాదికి రెండుసార్లు, పైన చెప్పిన పద్ధతిలో చదివించి చూడాలి. నలుగురి ముందు కాదు. స్టేజీ మీద అసలే కాదు. పిల్ల పరువు పోకుండా, తెలిసిన టీచరు పక్కన కూర్చోబెట్టుకుని చూడాలి. రాలేదని సాయం ఆపకూడదు. రాని పిల్లకే సాయం ఎక్కువ కావాలి.

రెండు. వార్షికోత్సవంలో ఫస్టు వచ్చినవారితోపాటు, అక్షరాల దగ్గరనుంచి కథ దాకా ఎదిగిన పిల్లకు కూడా ఒక బహుమతి ఇవ్వండి. ఆ పిల్ల నడిచిన దూరం తక్కువది కాదు.

మూడు. పంచే నోట్‌బుక్కుల్లో కొన్ని తగ్గినా పర్వాలేదు, ప్రతి పిల్లకూ పెద్ద అక్షరాల తేలిక కథల పుస్తకాలు రెండు, తెలుగువి గాని ఉర్దూవి గాని ఇవ్వండి. మన ఇళ్లలో చాలాచోట్ల పాఠ్యపుస్తకం తప్ప చదవడానికి మరో కాగితం ఉండదు.

నాలుగు. మన చిన్న బడుల్లో పనిచేసే టీచర్ల మీద ఖర్చుపెట్టండి. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు, తక్కువ జీతాలకు ఓపిగ్గా పనిచేస్తున్నవారు. వేసవిలో పదిరోజుల శిక్షణ ఇప్పించినా మేలే. బి.ఇడి., ఎం.ఇడి. చదవగలిగినవారికి నాకు ఇచ్చినట్టే ఖర్జె హసనా ఇవ్వండి. నేను తిరిగి కట్టే సొమ్ము ఇంకో టీచరుకు అందుతుంది. ఆమె కట్టేది మరొకరికి.

ఇక్కడ ఒక జాగ్రత్త. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. టీచర్ల శిక్షణ, పుస్తకాల వంటి ఖర్చులకు జకాత్ నిధి వాడవచ్చా అన్నది నేను చెప్పగల విషయం కాదు, ఉలమాలను అడిగి చేయవలసింది. సదఖా, సాధారణ విరాళాల నుంచి చేస్తే ఏ సందేహమూ ఉండదు. నిలిచి ఉండే దానం, సదఖయె జారియా, గురించి మనం వింటూ ఉంటాం. బోరు వేయించడం, మస్జిద్‌కు గది కట్టించడం మనకు వెంటనే గుర్తొస్తాయి. చదవడం వచ్చిన ఒక పిల్ల రేపు తల్లి అయి తన పిల్లలకు చదివి వినిపిస్తే, అదీ ఆ కోవలోదే.

చివరి మాట

ఆ అమ్మాయి ఇప్పుడు ప్రతి ఆదివారం జుహర్ తరువాత మా ఇంటికి వస్తోంది. రమ్మనడానికి నాకు నోరు రాలేదు. మొదట నేనే వెళ్లి, "నేను నీకు సరిగ్గా చెప్పలేదమ్మా, ఇప్పుడు చెబుతాను, వస్తావా?" అని అడిగాను. చాలాసేపు మిషన్ తొక్కుతూనే ఉంది. తరువాత, "పిల్లలతో కలిపి కూర్చోబెట్టనంటే వస్తా టీచర్" అంది.

పెళ్లిళ్ల రోజుల్లో కుట్టుపని ఎక్కువై రాదు. నేర్చుకున్నది కొంత మరిచిపోయి వస్తుంది. ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతోంది. కథ చదివే స్థాయికి ఇంకా రాలేదు. కానీ పోయిన నెల వాళ్ల ఇంటికి వెళితే, చీటీల మీద గుడ్డముక్కల పక్కన పేర్లు కనిపించాయి. దస్తూరి ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. ఈసారి నేను మెచ్చుకోలేదు. ఒక చీటీ తీసి, "చదువు" అన్నాను. చదివింది.

నా ఖర్జె హసనా కిస్తీలు ఇంకా కొన్ని బాకీ ఉన్నాయి. ఇన్షా అల్లాహ్ తీరుస్తాను. ఆ అమ్మాయికి నేను పడిన బాకీ అంత త్వరగా తీరేది కాదు.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, మాకు దాన్ని అందించే నేర్పును, నేర్పకపోతే ఒప్పుకునే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.